టీలోకి పనికొచ్చిన రొట్టె

ఆమె శవం ఉన్న పెట్టెను చర్చి లోపలికి తీసుకుపోనివ్వలేదు. గేటు బయట, రోడ్డు వారన రెండు బెంచీలు వేసి, వాటి మీద పెట్టి, ఒక పాట పాడి, ఒక ప్రార్థన చేసి సమాధుల దొడ్డికి పంపేశారు. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి ఆమె ఆ చర్చి మనిషి. ఇదేమిటని అడిగితే, ఆమె బల్ల తీసుకునే మనిషి కాదు కదా అన్నారు.

జరిగిన తప్పు ఇది. ముందు దీన్ని రాసిపెట్టాను. తక్కినవి ఇక చెబుతాను.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్కల పళ్ళెం ముందు, ద్రాక్షరసం పళ్ళెం వెనక, వరస వెంట చేతులు మారుతూ వస్తాయి. ఎవరైనా తప్పుదోవ పడితే సంఘ పెద్దలు వాళ్ళకు బల్ల ఆపుతారు. సంఘం ముందు నిలబడి ఒప్పుకునేదాకా వాళ్ళు రొట్టె ముట్టకూడదు. రొట్టె ముట్టనివాళ్ళు రసమూ ముట్టకూడదు. ఆపి ఉండగానే కన్ను మూస్తే వాళ్ళ పెట్టె గేటు దాటదు. ఇది మా తాతల నాటి కట్టడి. దీని మంచిచెడ్డలు ఇప్పుడు మాట్లాడను. ఆమెకు బల్ల ఎవరూ, ఎప్పుడూ ఆపలేదు. అదీ నా కడుపుమంట. ఆమె రొట్టె తీసుకోనిది పాపం వల్ల కాదు, గోధుమ వల్ల.

ఆమె పేరు రాయను. ఆ పేరు మా చర్చిలో గట్టిగా పలికి, ఈమె మచ్చలేని మనిషి అని ఎవరైనా చెప్పిన రోజు నేనూ రాస్తాను. అంతవరకు ఆమె ఆమే. పుట్టుక, పెళ్ళి, ఆస్తిపాస్తులు కూడా రాయను. అవి సమాధి రాయి చెక్కేవాడికి కావాలి, నాకు అక్కర్లేదు.

నేను ఉదయగిరిలో మిషను కుట్టి బతికినవాణ్ణి. బడి మూడో తరగతితో సరి. తర్వాతి చదువంతా బైబిలు మీద, సరుకులు కట్టిచ్చిన పొట్లాం కాగితాల మీద నేర్చుకున్నాను. అందువల్ల నా మాటల్లో మర్యాద తక్కువగా ఉంటే ఉంటుంది. అబద్ధం మాత్రం ఉండదు.

ఆమెను తలుచుకుంటే నాకు మొదట కనిపించేది వంగిన వీపు. వాకిట్లో కట్టెల పొయ్యి, దాని మీద పెద్ద అల్యూమినియం దబర. దబర అడుగున ఏటి ఇసుక, ఇసుక మీద ఇనుప చుట్టు, చుట్టు మీద పళ్ళెం, పళ్ళెంలో నిమ్మకాయలంత తెల్లటి ఉండలు. పైన మూత, మూత మీద నిప్పులు. ఆమె ఆ దబర పక్కన వంగి, కొంగు నడుముకు దోపుకుని, చెవి పెట్టి వినేది. నేనూ ఒకసారి వంగి విన్నాను. చెవి చురుక్కుమంది గానీ ఇంకేమీ తెలియలేదు.

"ఏం వినపడతాదమ్మా దాంట్లో?"

"నువ్వు మాట్లాడకుండా ఉంటే వినపడతాది అన్నా."

అవి చీజు రొట్టెలు. గోధుమ పిండి లేదు, మైదా లేదు. సగ్గుబియ్యం దేనితో చేస్తారో ఆ కర్రపెండలం పిండి. పాలు, వేరుశనగ నూనె, ఉప్పు కలిపి తెర్లబెట్టి, ఆ తెర్లేదాన్ని ఒక్కసారిగా పిండిలో కుమ్మరించేది. మా ఊరి చెక్క గరిటె ఒకటి ఉండేది, దానితో భుజం నొప్పి పుట్టేదాకా తిప్పేది. పిండి తెల్లగా, జిగురుగా, లాగితే సాగే ముద్దయ్యేది. చల్లారినాక గుడ్లు, తురిమిన చీజు. చీజులో సగం ఆత్మకూరు అంగడిది, సగం ఆమె చేతిది. బర్రెపాలు నిమ్మకాయ పిండి విరగ్గొట్టి, గుడ్డలో మూటగట్టి, రుబ్బురోలు పొత్రం కింద పెట్టి నీరంతా దించి, ఉప్పు రాసి నీడన ఆరబెట్టేది. దాని వాసన పడక వీధిలో పిల్లులు తప్ప ఎవరూ ఆ పక్కకు పోయేవాళ్ళు కాదు.

మొదట్లో సగ్గుబియ్యాన్నే మిక్సీలో ఆడించి చేసిందట. "గోడకేసి కొడితే గోడ పెచ్చు ఊడిందన్నా, రొట్టె మాత్రం అట్నే ఉండాది" అని తానే చెప్పి తానే నవ్వేది. తర్వాత ఆత్మకూరులో ఒక కిరాణా అంగడాయన్ను పట్టుకుని, అడిగి అడిగి, అసలు పిండి తెప్పించుకోవడం మొదలుపెట్టింది.

దబర మూత మీద ఎవరైనా చెయ్యేస్తే ఒప్పుకునేది కాదు. ఒకసారి చర్చి ఆడవాళ్ళలో ఒకావిడ, ఉడికిందో లేదో చూస్తానని మూత ఎత్తేసింది. లోపల బంతుల్లా పొంగినవన్నీ అక్కడికక్కడే అణిగిపోయాయి. ఆమె ఆవిడను అక్కడే కూర్చోబెట్టింది. అణిగినవన్నీ పళ్ళెంలోకి తీసి ఆవిడ ముందు పెట్టి, "నువ్వు చేసినవి వదినా, నువ్వే తినాల" అని పక్కనే కూర్చుంది. అన్నీ తినేదాకా లేవనివ్వలేదు.

ఆ రొట్టె వేడి మీద తినాలి. పైన పెళుసుగా, లోపల బోలుగా, ఉప్పుప్పగా, లాగితే దారంలా సాగుతూ ఉంటుంది. చల్లారితే రబ్బరే. అందుకే దించగానే ఆమెకు ఎక్కడలేని తొందర. "యల్లా అన్నా, యల్లా! చల్లారతా ఉండాది!" కువైట్లో వంట చేసి వచ్చిన మనిషి, అక్కడి మాటలు నాలుక మీద ఉండిపోయాయి. పళ్ళెం ఖాళీ అయితే రెండు చేతులూ దులిపి "ఖలాస్" అనేది. అలా దులిపినప్పుడు ఆమె మొహంలో ఒక తృప్తి కనిపించేది. పెద్ద పెద్ద విందులు పెట్టినవాళ్ళ మొహాల్లో కూడా నేను దాన్ని చూడలేదు.

కువైట్లో ఆమె పనిచేసిన ఇంటి కోడలిది ఏదో దూరదేశం. ఈ రొట్టె ఆ కోడలు చేసేదట. అక్కడే ఈమెకు కడుపు పాడైంది. తిన్నది తిన్నట్టు పోయేది, మనిషి చీపురుపుల్లయ్యింది. పెద్దాసుపత్రిలో పేగు ముక్క తీసి పరీక్ష చేసి, గోధుమ నీకు పడదు, చిటికెడు కూడా ముట్టుకోవద్దు, జీవితాంతం ఇంతే అన్నారు. ఆ జబ్బు పేరు ఆమెకు నోరు తిరిగేది కాదు. "గోధుమ జబ్బు" అనేది.

ఊరికి వచ్చి ఆ మాట చెబితే నమ్మినవాడు లేడు. ఎట్లా నమ్ముతారు? షుగరొచ్చిన ప్రతివాడికీ రాత్రిపూట అన్నం మాని చపాతీ తినమని చెబుతున్న కాలం. మా వీధిలో చపాతీ తినేవాడంటే ఒళ్ళు జాగ్రత్తగా చూసుకునే మనిషని లెక్క. మాకు గోధుమ మందు. మందు పడకపోవడం ఏమిటని వాళ్ళ అనుమానం.

"కువైట్‌కి పోయొచ్చినాక మన తిండి పడకుండా పోయిందా అమ్మే?" అని మొహం మీదే అడిగారు.

దానికి తోడు ఆమె ఎక్కడికి పోయినా సంచిలో తన పళ్ళెం, తన గ్లాసు పెట్టుకుని పోయేది. చపాతీ పెట్టిన పళ్ళెంలో అన్నం తిన్నా ఆమెకు కడుపు చెడుతుంది, అందుకు. కానీ వేరే పళ్ళెం, వేరే గ్లాసు అంటే మా జనానికి ఏం గుర్తొస్తుందో చెప్పాల్సిన పని లేదు. మా నాయన హోటలు బయట నిలబడి, తన గ్లాసు తానే కడిగి బోర్లించి వచ్చిన మనిషి. "మన పళ్ళేలు దీనికి మైలంటనా?" అని ఆడవాళ్ళు మూతులు తిప్పుకున్నారు. వాళ్ళ నొప్పి నాకు తెలుసు. కానీ ఆమె వాళ్ళలోంచి వచ్చిన మనిషే కదా, ఆ నొప్పి ఆమెకు మాత్రం తెలియదా అని ఒక్కరూ ఆలోచించలేదు.

ఇక మా బల్ల మీది రొట్టె సంగతి. అదేదో పరలోకం నుంచి దిగి వచ్చేది కాదు. ఆత్మకూరు బేకరీ నుంచి బస్సులో వచ్చేది. పాకెట్టు విప్పి, అంచులు కోసి పారేసి, చిన్న చిన్న ముక్కలు చేసి పళ్ళెంలో పోసేవాళ్ళు. ఒక నెల మామూలు రొట్టె అయిపోయిందని బేకరీవాడు తీపి రొట్టె కట్టిచ్చాడు. ఇక్కడికొచ్చి విప్పితే నిండా ఎర్రవీ పచ్చవీ టూటీ ఫ్రూటీలు. ఆరాధన మొదలవుతుంటే వెనక గదిలో పెద్దలంతా కూర్చుని, మునివేళ్ళతో ఆ ముక్కల్లోంచి టూటీ ఫ్రూటీలు ఏరుతున్నారు. నేను కళ్ళారా చూశాను. ఆ పూట సంఘమంతా కన్నాలు పడ్డ తీపి రొట్టెతో ప్రభువును జ్ఞాపకం చేసుకుంది. ఎవరి భక్తికీ లోటు రాలేదు.

అప్పుడు ముందు కూర్చుని ఏరినాయనే సంఘ పెద్దల్లో ముఖ్యుడు. హెడ్మాస్టరు పని చేసి రిటైరయ్యాడు. నేను మానేసిన బడిలో నా పక్కనే పలక పట్టుకుని కూర్చున్నవాడు. అందుకే మేమిద్దరం "ఒరే" అంటే "ఒరే" అనుకుంటాం. ఊళ్ళో మిగతా అందరికీ ఆయన "అయ్యా".

ఆరాధన అయినాక చర్చి వరండాలో టీ ఇస్తారు. ఆ టీలోకి ఆమె తన రొట్టెలు తెచ్చేది. పొద్దున్నే చేసి, గుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆరాధనంతా కూర్చునేది. పిల్లలు వాటికి కువైట్ బొండాలని పేరు పెట్టారు. ఆమెకు ఆ పేరంటే గిట్టదు. "బొండాలు కాదురా, రొట్టె. రొట్టె అనండి, పెడతా" అని డబ్బా పైకెత్తి పట్టుకునేది. పిల్లలు ఎగిరెగిరి "రొట్టే, రొట్టే" అని అరిచేవాళ్ళు.

అలాంటి ఒక ఆదివారం ఆమె పెద్దాయన్ను అడిగింది. పక్కన నేనున్నాను. ఆయన ఒక చేతిలో టీ గ్లాసు, రెండో చేతిలో ఆమె రొట్టె.

"అయ్యా, ఒక మాట. ఇదే రొట్టె చిన్న ముక్క, మూత గిన్నెలో పెట్టి బల్ల మీద ఒక పక్కన ఉంచుతా. పాస్టరయ్యగారు ప్రార్థన చేసేటప్పుడు దానికీ కలిసే అవతాది. నా వరకు నేను అది తీసుకుంటా."

ఆయన నమలడం ఆపకుండానే తల అడ్డంగా ఊపాడు. "కుదరదమ్మా. బల్ల మీద ఒకే రొట్టె, ఒకే శరీరం. ఇది తినేదానికి బాగుండాది, కాదనను. కానీ చీజు, గుడ్డు, ఉప్పు... ఇది తినుబండారం గదా. బొండాలు తెచ్చి బల్ల మీద పెడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"బొండా కాదయ్యా. రొట్టె."

"నువ్వంటే అయిపోతాదా?"

నాకు ఒళ్ళు మండింది. "ఒరే, ఒకే రొట్టె అంటివే, నెలనెలా రెండు పాకెట్లు కోస్తారు గదా, ఏది శరీరం వాటిల్లో? టూటీ ఫ్రూటీ ఏరినావే, అది తినుబండారం కాదా?"

"నువ్వు నీ మిషను కుట్టుకోరా. వాక్యం సంగతి నాకు వదిలిపెట్టు."

ఆమె నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది. "పోనీలెండయ్యా. రసమన్నా తీసుకోనియ్యండి."

"రొట్టె లేకుండా రసమేంది? నువ్వు ఊరికే కూర్చో. దేవుడు హృదయం చూస్తాడు."

"దేవుడు చూస్తాడయ్యా. మనుషులే, చేతులు చూస్తారు. దీనికి జబ్బు, అందుకని తీసుకోదు, బల్ల ఆపలేదు అని సంఘంలో ఒక్క మాట చెప్పండి. అది చాలు నాకు."

"అట్నేలే. సమయం చూసి చెబతా" అన్నాడు. అని, డబ్బాలోంచి ఇంకొక రొట్టె తీసుకున్నాడు.

ఆ సమయం రాలేదు. వానలొచ్చాయి, ఎండలొచ్చాయి, ఎన్నికలొచ్చాయి, పాస్టర్లు మారారు, ప్రకటనల్లో ఎవరి ఇంటి గృహప్రవేశమో, ఎవరి గొర్రె తప్పిపోయిందో కూడా చెప్పారు. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయనకు సమయం దొరకలేదు.

అప్పటి నుంచి ప్రతి నెలా ఆ వరసలో నేను చూసింది ఒకటే. పళ్ళెం వస్తుంది. ఆమె అరచెయ్యి చాపి పళ్ళెం అడుగున పెట్టి, అంచు వేలికి తగలకుండా, నిండు బిందె దించినంత జాగ్రత్తగా పక్కవాళ్ళకు అందిస్తుంది. అందించి చెయ్యి కొంగుకు తుడుచుకుంటుంది. పొడి అంటిందేమోనని తుడుచుకునేది. చూసేవాళ్ళకు అది వేరేగా కనిపించింది. రొట్టె ముట్టదు, పైగా చెయ్యి తుడుచుకుంటుంది!

ఇక నోళ్ళు ఊరుకుంటాయా? కువైట్లో ఏం చేసి వచ్చిందో అన్నారు. అక్కడి మతంలో కలిసిపోయిందట అన్నారు. పెద్దలకు అంతా తెలుసుననీ, పరువు పోతుందని బయటికి చెప్పడం లేదనీ అన్నారు. పెద్దల మౌనమే వాళ్ళకు సాక్ష్యం. ఆడవాళ్ళ కూటంలో ఆమెను ప్రార్థన చెయ్యమని అడగడం మానేశారు. కొత్తగా పుట్టిన బిడ్డ మీద చెయ్యి పెట్టమని పిలవడం మానేశారు. ఆమె చేతి రొట్టె తినడం మాత్రం మానలేదు. టీలోకి పనికొచ్చిన రొట్టె బల్ల మీదికి పనికిరాలేదు. నోటికి పనికొచ్చిన చెయ్యి ప్రార్థనకు పనికిరాలేదు.

ఒక ఈస్టరు నాడు ఆమె చెయ్యి చాపి గోధుమ రొట్టె తీసుకుంది. నేను వెనక వరసలో ఉన్నాను. లేచి అరవాలనిపించింది, అప్పటికే నోట్లో వేసుకుంది. తర్వాతి రోజుల్లో చూడబోతే మంచం పట్టి ఉంది. పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి, దుప్పటి కింద మనిషి ఉందా లేదా అన్నట్టుంది.

"ఎందుకు తిన్నావమ్మా? తెలిసి తెలిసి?"

"పక్కనామె పళ్ళెం నా చేతికియ్యలేదన్నా. నా ఒడి మీదుగా చెయ్యి చాపి అవతలామెకు అందిచ్చినాది. నేనాడ లేనట్టు. చూసి చూసి, ఆ పళ్ళెం ఆపి తీసుకున్నా."

"ఎవురో అట్టా చేసినారని చస్తావా?"

"చావను లేన్నా. చిన్న ముక్కే గదా." కాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఇటు తిరిగి, "మెత్తగా ఉండాదన్నా బేకరీ రొట్టె. ఎన్నాళ్ళయిందో. బాగుండాది" అంది. అని నవ్వబోయి దగ్గింది.

ఆ మరుసటి నెల ఆమె మళ్ళీ పళ్ళెం పక్కకు అందించింది. దాంతో జనానికి కథ పూర్తయింది. ఈస్టరుకు పశ్చాత్తాపపడిందట, నెల తిరగకుండానే మళ్ళీ పడిపోయిందట. ఏం పనిలో పడిపోయిందో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు. మంచం మీద ఆమె పడ్డది మాత్రం ఎవరూ చెప్పుకోలేదు.

నేను ఆమెను తిట్టాను కూడా. "ఇంత అనిపించుకుని ఆ డబ్బా ఎందుకు మోస్తావు? వాళ్ళ మొహాన కొట్టేదానికా? ఇంట్లో చేసుకుని నువ్వు తిను."

ఆమె అప్పుడు చీజు తురుముతోంది. తురుముడు పీట మీద నుంచి కళ్ళెత్తలేదు.

"తింటా ఉంటే తెలుస్తాదిలే అన్నా."

"ఏం తెలుస్తాది?"

"ఇది రొట్టేనని. నోటికి అలవాటు కానీ. ఒక పొద్దు వాళ్ళే అంటారు చూడు, ఇంత బాగుండాది, ఇది బల్ల మీద పెడితే ఏమని. ఆ పొద్దు నా కాడికి పళ్ళెం వస్తాది, నేను ఒక ముక్క తీసుకోని పక్కకిస్తా. అంతే గదా. పెద్ద కోరికా అది?"

కాదు. పెద్ద కోరిక కాదు. నేను లేచి వచ్చేశాను. ఒంటి చేత్తో డబ్బా మోసుకుంటూ, ఊరందరి నాలుకలకు రుచి మప్పి న్యాయం గెలుచుకుందామనుకున్న మనిషితో ఏం వాదిస్తాను?

ఆమె ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. వరికుంటపాడు నుంచి ఆమె చెల్లెలి కూతురు వచ్చింది. పెట్టె తెచ్చాం, నలుగురం మోసుకుని చర్చికి పోయాం. గేటు మూసి ఉంది. లోపల పాస్టరు, చేతిలో బైబిలు. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. చెడ్డవాడు కాదు. అందుకే నాకు ఇంకా కోపం.

"తాతగారూ, ఏమనుకోకండి. ఇక్కడే చేద్దాం" అన్నాడు, గేటు సందులోంచి.

"ఇక్కడంటే రోడ్డు మీదనా? ఎందుకు?"

"ఆవిడ బల్ల తీసుకోగా నేనెప్పుడూ చూడలేదండీ. మీ సంఘం కట్టడి మీకు తెలిసిందే కదా. ఎందుకైనా మంచిదని పెద్దలనడిగాను."

"ఏమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదండీ."

పెద్దాయన అక్కడే ఉన్నాడు. గేటుకు లోపలి వైపు, గొడుగు నీడన. నేను ఆయన్నే చూస్తూ అరిచాను. "చెప్పరా! ఆమెకు జబ్బని చెప్పు. బల్ల ఆపలేదని చెప్పు. ఇప్పుడన్నా చెప్పు!"

ఆయన గొడుగును ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. ఆ గేటుకు తాళం లేదు. ఒక్క మాటతో తెరుచుకునే గేటు. చెల్లెలి కూతురు పెట్టె మీద చెయ్యి వేసి, "పోనీలే మామా, ఎండ ఎక్కతా ఉండాది" అంది. లారీలు హారను కొట్టుకుంటూ పోతున్నాయి. ఆ హారన్ల మధ్య ఒక పాట పాడారు.

తర్వాత నేను ఊరుకోలేదు. పాస్టరును అడిగాను, పెద్దలు చెబితే ప్రకటిస్తానన్నాడు. సంఘం మీటింగులో లేచి నిలబడ్డాను. ఈ పూట మైకు సెట్టు సంగతి మాట్లాడుకుంటున్నాం, కూర్చోమన్నారు. పెద్దాయన ఇంటికి పోతే స్నానం చేస్తున్నాడన్నారు. మళ్ళీ పోతే నిద్రపోతున్నాడన్నారు. ఆ మనిషి అంత శుభ్రంగా, అంత సుఖంగా బతుకుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

చివరికి బస్సులో దొరికాడు. కళ్ళజోడు కోసం ఆత్మకూరు పోయి, ఉదయగిరి బస్సు ఎక్కాను. కిటికీ పక్కన ఆయన. ఒళ్ళో బేకరీ సంచి, సంచిలో రెండు రొట్టె పాకెట్లు. మర్నాడు బల్ల ఆదివారం. వేరే సీట్లు ఖాళీగా ఉన్నా పోయి ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన సంచి ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

"ఏరా, ఆరోగ్యం బాగుండాదా?" అన్నాడు.

"నా ఆరోగ్యానికేం గానీ, ఆమెకు బల్ల ఆపినారా లేదా? అవునో కాదో చెప్పు. ఊరొచ్చేదాకా అడగతానే ఉంటా."

కండక్టరు వచ్చి టికెట్లు కొట్టిపోయాడు. మెట్ట పొలాలు కిటికీలో వెనక్కి పోతున్నాయి. నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ అడిగాను. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూడడం మొదలుపెట్టాక, ఆయన గొంతు తగ్గించి, నా మోకాలి మీద చెయ్యి వేసి చెప్పాడు.

"ఆపినామని నేనెప్పుడన్నా అన్నానారా? అనలేదు గదా. జనం అనుకున్నారు. జనం అనుకునేదానికంతా నేను యాడ జవాబు చెప్పేది? పోయినామె దేవుడి దగ్గర సుఖంగా ఉండాది, నువ్వు కూడా నెమ్మదిగా ఉండు. అది సరే గానీ, ఆమె కాడ ఆ రొట్టెలు చేసేది ఎవురన్నా నేర్చుకోనుంటే కనుక్కోని చెప్పరా. టీ తాగేటప్పుడల్లా ఆ రొట్టె లేదే అని మా ఆడమనిషి ఒకటే గోల. ఈ బేకరీది మా ఇంట్లో ఎవురికీ నోట్లోకి పోవడంలేదు."